కొవ్వు తగ్గించి వండిన పోర్క్ పాస్తా: మా హన్మకొండ ఇంట్లో ఒక ఆదివారం

మా ఆయన రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, బాగా ఎక్కువ వచ్చాయి. 150 లోపు ఉండాలని రిపోర్టులో పక్కనే రాసి ఉంటుంది కదా, దానికి చాలా పైన ఉన్నాయి. డాక్టరు గారు మందు రాశారు. కొవ్వు తగ్గించమన్నారు, అన్నం కూడా తగ్గించమన్నారు. ఆ రెండో మాట మా ఇంట్లో ఎవరూ సరిగా వినలేదు. కొవ్వు అనగానే అందరి చూపూ ఆదివారం వండే పంది మాంసం మీదికి పోయింది.

"ఇగ పోర్క్ బందేనా?" అన్నారు మా ఆయన. ఆయన కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. ఆదివారం మధ్యాహ్నం చుట్టుపక్కల ఇళ్లలోంచి పోర్క్ వేపుడు వాసన రావడం ఆయన చిన్నతనంలో మామూలు విషయం. నర్సంపేట దగ్గరి మా పుట్టింట్లో మాత్రం అది వండేవాళ్లు కాదు. పెళ్లయ్యాకే తినడం నేర్చుకున్నాను, ఆ తర్వాతే వండటం నేర్చుకున్నాను. అందుకేనేమో, దాని మీద నాకు గుడ్డి ఇష్టం లేదు, గుడ్డి భయమూ లేదు. ఏ భాగం తెస్తున్నాం, ఎంత నూనెలో వేపుతున్నాం, పక్కన ఎంత అన్నం పెట్టుకుంటున్నాం అనేది చూడకుండా తప్పంతా మాంసం మీద వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

సరిగ్గా అప్పుడే మా పాప హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. దానికి పాస్తా కావాలి. బయట తినే వైట్ సాస్ పాస్తా ఇంట్లో చెయ్యమని అడుగుతూనే ఉంది. ఒకరికి పోర్క్ కావాలి, ఒకరికి పాస్తా కావాలి, ఇంట్లో అందరికీ తేలికైన రాత్రి భోజనం కావాలి. ఈ మూడూ ఒకే పొయ్యి మీద కుదురుతాయని నాకు గట్టిగా అనిపించింది. ఇటలీలో ఈ జోడీ కొత్తేం కాదు. బొలోన్యా నగరం పేరుతో పిలిచే మాంసం సాస్‌ను ఎలా వండాలో అక్కడి వాణిజ్య మండలిలో 1982లో అధికారికంగా నమోదు చేశారు. అందులో గొడ్డు మాంసంతో పాటు పంది పొట్టభాగం కూడా పడుతుంది. పంది మాంసంతో సాసేజ్ చేసేటప్పుడు సోపు గింజలు వేయడం కూడా అక్కడ మామూలే. సోపు మన పోపుల డబ్బా పక్కనే ఉంటుంది. దీన్ని తర్వాత వాడుకున్నాను, చెప్తాను.

అన్నిటికంటే ముఖ్యమైన పని దుకాణం దగ్గరే జరిగింది. వంట తేలికగా ఉంటుందా, బరువుగా ఉంటుందా అన్నది సగానికి పైగా అక్కడ మాంసం కొట్టే మొద్దు మీదే తేలిపోతుంది.

మేము పోర్క్ తెచ్చేది కాజీపేట వైపు ఒక చిన్న దుకాణం నుంచి. ఫాతిమా నగర్ పరిసరాల్లో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. 1952లో వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, ఏర్పడినప్పుడు దానికి మొదటి బిషప్ అయిన అల్ఫోన్సో బెరెట్టా గారు ఇటలీ దేశస్థుడే. ఇటలీ మనిషి మా ఊరికి పాస్తా కంటే ఎంతో ముందు వచ్చాడన్నమాట. ఆ దుకాణంలో అమ్మేది సీమపంది మాంసం. తెల్లగా, పొడుగ్గా ఉండే ఈ పందులు ఇంగ్లండ్‌కు చెందిన యార్క్‌షైర్ జాతి నుంచి వచ్చినవి. వీటిని ఫారంలో దొడ్డి కట్టి, మేత పెట్టి పెంచుతారు. ఆ దుకాణదారుకు మాంసం ఎక్కడినుంచి వస్తుందో నేను ముందే అడిగి తెలుసుకున్నాను. ఊరి బయట షెడ్డులో మొక్కజొన్న, తవుడు పెట్టి పెంచుతామని చెప్పాడు. అడిగితే కోపం చేసుకోకుండా చెప్పే దుకాణంలోనే కొనాలని నా నియమం.

మామూలుగా కిలో అడిగితే చర్మం, కొవ్వు, ఎముక, మాంసం అన్నీ కలిపి కొట్టి ఇస్తారు. కూరకు అదే బాగుంటుంది కూడా. కానీ లెక్క చూస్తే తేడా చాలా ఉంది. పచ్చి పొట్టభాగం 100 గ్రాముల్లో సగం కొవ్వే, 500 క్యాలరీలు దాటుతుంది. తొడ మాంసం మీది కొవ్వు మొత్తం తీసేస్తే అదే 100 గ్రాములకు 5 గ్రాముల కొవ్వు, 140 లోపు క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. వెన్నెముక లోపలివైపు పొడవుగా ఉండే మెత్తటి కండ అయితే కొవ్వు ఇంకా తక్కువ, 2, 3 గ్రాములే. కాకపోతే ఒక్కో జంతువుకు అది చాలా చిన్నది, పొద్దున్నే పోతే తప్ప దొరకదు. తొడ ఎప్పుడైనా దొరుకుతుంది. ఒకే జంతువులో ఇంత తేడా ఉన్నప్పుడు "పోర్క్ తినొచ్చా, వద్దా" అనే ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు ఎలా చెప్తాం?

"అన్నా, తొడ మాంసం ఇయ్యి. తోలు వద్దు, బొక్క వద్దు. మీద కొవ్వు మొత్తం గీసెయ్యి," అన్నాను.

"కొవ్వు లేకుంటే రుచేముంటదక్కా?"

"చిన్న ముక్క విడిగా కట్టియ్యి. మిగతాది వద్దు."

తూకం దగ్గర కూర్చున్న ఆయన భార్య నా వైపు చూసి, "షుగరా అక్కా, కొలెస్ట్రాలా?" అని అడిగింది. ఈ మధ్య ఇట్లా గీయించుకుని పోయేవాళ్లు పెరిగారట. ధర కొంచెం ఎక్కువ తీసుకున్నారు. తోలు, బొక్క లేకుండా ఇస్తే వాళ్లకు మిగిలేది తగ్గుతుంది కాబట్టి అది సబబే. ఖీమా మిషన్‌లో వేసి ఇస్తానన్నాడు కానీ వద్దన్నాను. మిషన్‌లో అంతకుముందు ఏ మాంసం ఎంత కొవ్వుతో పోయిందో మనకు తెలియదు. నా కత్తి నాకుంది.

పంది మాంసం అనగానే చాలామందికి పురుగుల భయం ఉంటుంది. ఆ భయం పూర్తిగా ఉత్తది కాదు, అందుకే దాన్ని సరిగా తెలుసుకోవాలి. పంది మాంసంలో బద్దెపురుగు (టేప్‌వార్మ్) తిత్తులు, అంటే పిల్ల పురుగులుండే చిన్న సంచులు, ఉండే అవకాశం ఉంది. సరిగా ఉడకని మాంసం తింటే మన పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. కానీ అందరూ భయపడే మెదడు తిత్తులు, వాటివల్ల వచ్చే ఫిట్స్, మాంసం తినడం వల్ల నేరుగా రావు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంతో బయటికి వచ్చే గుడ్లు మురికి నీటి ద్వారా, కడగని చేతుల ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా మన కడుపులోకి పోతే వస్తాయి. జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ రావచ్చు. అందుకే నేను పోర్క్‌ను పూర్తిగా ఉడికించడంలో ఎంత పట్టుదలగా ఉంటానో, పాలకూరను, కీరాను కడగడంలోనూ అంతే పట్టుదలగా ఉంటాను. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పెద్ద ముక్కగా వండే పోర్క్‌కు 63 డిగ్రీల సెల్సియస్ లోపలి వేడి, దించాక మూడు నిమిషాల విరామం చాలని చెప్పింది. ఖీమాకు మాత్రం 71 డిగ్రీలు ఉండాలని అలాగే ఉంచింది. అది వాళ్ల ఫారాలు, వాళ్ల తనిఖీలు చూసి చెప్పిన లెక్క. మన దగ్గర కొన్న మాంసంలో లోపల గులాబీ రంగు ఉండగానే దించడం నేను చెయ్యను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన ప్రాంతంలో పందుల పెంపకం తరతరాలుగా ఎరుకల కుటుంబాల జీవనాధారం. ఆ మాంసం తినేవాళ్లను, దాన్ని పెంచేవాళ్లను చిన్నచూపు చూడటం నేను మా బంధువుల్లోనే చూశాను. శుభ్రత అనేది జంతువును ఎక్కడ ఉంచాం, ఏం పెట్టాం, ఎలా కోశాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. పెంచిన మనిషి కులాన్ని బట్టి ఉండదు. ఈ మాట మా ఇంటికొచ్చిన చుట్టాలతో కూడా మొహమాటం లేకుండా చెప్తాను.

మా అత్తమ్మ పోర్క్ తినరు. చికెన్, మటన్ తింటారు, ఇది మాత్రం అలవాటు లేదు. వండొద్దని ఎప్పుడూ అనలేదు. "నా గంజు, నా గంటె ముట్టకు బిడ్డా, నీ ఇష్టం వచ్చింది వండుకో," అంటారు. అందుకే పోర్క్‌కు ఒక ఇనుప మూకుడు, ఒక గంటె, ఒక కటింగ్ బోర్డు విడిగా ఉన్నాయి. ఈసారి సాస్ కూడా ముందు మాంసం లేకుండా చేసి, ఆమె వాటా పక్కకు తీసి, ఆ తర్వాతే పోర్క్ కలపాలని అనుకున్నాను.

ఇక పాస్తా. హన్మకొండలో ఇప్పుడు ఏ సూపర్ మార్కెట్లో చూసినా పది రకాలు కనిపిస్తాయి. ముందు చూడాల్సింది ప్యాకెట్ వెనకాల. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసిందా, మైదాతో చేసిందా అన్నది అక్కడ ఉంటుంది. డ్యూరమ్ గట్టి గోధుమ, ప్రోటీన్ ఎక్కువ, మన దేశంలో ఎక్కువగా మధ్యప్రదేశ్‌లో పండుతుంది. ఆ ప్రోటీన్ పిండిపదార్థం చుట్టూ వలలా అల్లుకుంటుంది కాబట్టి పాస్తా తొందరగా చిదిమిపోదు, కడుపులో కూడా నెమ్మదిగా అరుగుతుంది. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకపోవడానికి కారణం అదే. మెత్తగా ముద్దయ్యేదాకా ఉడికిస్తే ఆ మేలు తగ్గిపోతుంది. ట్రైగ్లిజరైడ్స్ ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే అవి తిన్న కొవ్వు వల్లనే పెరగవు. అవసరానికి మించి తిన్న అన్నం, చక్కెర, తాగిన మద్యం కూడా వాటిని పెంచుతాయి. అందుకే ఒక్కొక్కరికి 70 గ్రాముల ఎండు పాస్తా అని తూచి తీసుకున్నాను. నలుగురికి 280 గ్రాములు. పచ్చిగా చూస్తే గుప్పెడంతే కనిపిస్తుంది, ఉడికాక రెండింతలు దాటుతుంది. గొట్టాల్లా ఉండే పెన్నె తీసుకున్నాను. సాస్ లోపలికి దూరుతుంది, ప్లేటులో నిండుగా కనిపిస్తుంది.

ముందు మాంసం పని పట్టాను. 300 గ్రాములు, తినేది ముగ్గురం కాబట్టి. కడిగి, నీళ్లు మొత్తం పిండేసి, పొడిగుడ్డతో గట్టిగా అద్దాను. ఆ తర్వాత అరగంటకు పైగా ఫ్రీజర్లో పెట్టాను. పూర్తిగా గడ్డకట్టనివ్వకూడదు, బిగుసుకుంటే చాలు. అప్పుడు కత్తి జారదు. పోగులకు అడ్డంగా పలచటి ముక్కలు కోసి, వాటిని సన్నని పట్టీలుగా, పట్టీలను శనగగింజంత ముక్కలుగా తరిగాను. దీనికి ఓపిక కావాలి, తొందరపడితే కుదరదు. కానీ ఇంత చిన్నగా తరగడం వల్లే 100 గ్రాముల మాంసం ప్లేటంతా పరుచుకుంటుంది, ప్రతి ముద్దలోనూ తగులుతుంది. పెద్ద ముక్కలుగా ఉంటే నాలుగు తినగానే అయిపోయి ఇంకా కావాలనిపిస్తుంది. కొవ్వు లేని కండ గట్టిపడుతుందన్న భయం కూడా చిన్న ముక్కలకు తక్కువ.

ఒక చెంచా సోపు, అర చెంచా మిరియాలు మూకుడులో కొద్దిగా వేడి చేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచాను. ఆ పొడి, నాలుగు ఎల్లిపాయ రెబ్బల ముద్ద, అర చెంచా ఉప్పు, అర నిమ్మకాయ రసం మాంసానికి పట్టించి పక్కన పెట్టాను. పసుపు, ధనియాల పొడి, గరం మసాలా ఏవీ వేయలేదు. చెయ్యి అటు పోతుంది, ఆపుకోవాలి. గరం మసాలా పడితే ఇది మన పోర్క్ కూరలో పాస్తా కలిపినట్టు అవుతుంది. సోపు మాత్రం ఉండాల్సిందే. పచ్చి మాంసం వాసనను అది తీసేస్తుంది, ఏదో కొవ్వున్న సాసేజ్ తిన్న తృప్తి కూడా ఇస్తుంది.

సాస్‌కు రంగు, చిక్కదనం ఎక్కడినుంచి తేవాలన్నది నేను ఎక్కువగా ఆలోచించిన విషయం. క్రీమ్ వద్దు, వెన్న వద్దు. దుకాణంలో దొరికే 200 మిల్లీలీటర్ల క్రీమ్ ప్యాకెట్లో పావు వంతు కొవ్వే, అంటే 50 గ్రాములు. అది పోస్తే దుకాణం దగ్గర గీయించిన కొవ్వంతా మళ్లీ దొడ్డిదారిన వచ్చినట్టే. మా పిన్ని వాళ్లు నర్సంపేట వైపు చపాటా మిర్చి వేస్తారు. ఏటా మాకు ఒక సంచి పంపిస్తారు. వరంగల్ చపాటాకు 2025లో, ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది కూడా. ఎర్రటి ఎరుపు, మందమైన తోలు, కారం చాలా తక్కువ. టమాట మిర్చి అని కూడా అంటారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్లో పోతే ఆ ఎరుపు దూరం నుంచే కనిపిస్తుంది. మన ఇళ్లలో పచ్చళ్లకు రంగు కోసం వాడుకుంటాం. విదేశీ వంటల వీడియోల్లో పాప్రికా అని వేసేది చూసినప్పుడల్లా, దీనికంటే మంచిది మన సంచిలో ఉందే అని అనుకునేదాన్ని. నాలుగు ఎండు చపాటాలు గింజలు తీసి, వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, అవే నీళ్లతో మెత్తగా రుబ్బాను. ఆ ముద్ద చూస్తే టమాట పేస్ట్ డబ్బా ఎందుకు కొంటామా అనిపించింది.

కుమార్‌పల్లి మార్కెట్లో తెచ్చిన నాటు టమాటలు అర కిలో వేడినీళ్లలో ముంచి తోలు తీశాను. అత్తమ్మ గంజులో ఒక చిన్న చెంచా నూనె, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఒకటి, తురిమిన క్యారెట్ రెండు, కొత్తిమీర కాడలు. ఇటలీ వాళ్లు ఇక్కడ సెలెరీ వేస్తారు. అది మాకు ఎప్పుడో తప్ప దొరకదు, కొత్తిమీర కాడలు ఆ పచ్చి సువాసన ఇస్తాయి. మూతపెట్టి సన్న సెగ మీద మగ్గనిచ్చాను. నూనె తక్కువ కాబట్టి అడుగంటుతుంది అనిపించినప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చల్లాను. ఉల్లిగడ్డ అద్దంలా అయ్యాక చపాటా ముద్ద, పచ్చివాసన పోయాక టమాటలు వేశాను. నాటు టమాట పులుపు ఎక్కువ. క్యారెట్ తీపి దాన్ని సరిచేస్తుంది, చక్కెర అవసరం రాలేదు. ఇరవై నిమిషాల్లో గంటెతో తీస్తే జారకుండా నిలిచేంత చిక్కబడింది. అత్తమ్మకు ఒక గిన్నెలో తీసి, అందులో ఉడికించిన శనగలు కలిపి మూతపెట్టాను.

ఇప్పుడు ఇనుప మూకుడు. విడిగా కట్టించుకున్న 20 గ్రాముల కొవ్వును చిన్న చిన్న ముక్కలుగా తరిగి, సన్న సెగ మీద కరగనిచ్చాను. పోర్క్ వేపడానికి వేరే నూనె వేయలేదు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. రుచి మోసేది కొవ్వే కాబట్టి పూర్తిగా తీసేస్తే తినేవాళ్లు రెండు వారాల్లో విసిగిపోయి పాత వేపుడుకే పోతారు. ఎంత వేస్తున్నామో మన చేతిలో ఉండాలి, అంతే. పంది కొవ్వులో దాదాపు 40 శాతం గుండెకు చెడు చేసే సంతృప్త కొవ్వు ఉంటుంది. దాన్ని ధారాళంగా వాడొచ్చని నేను అనను. ముగ్గురికి కలిపి ఒక పెద్ద చెంచా, ఆ లెక్క దాటలేదు.

కొవ్వు కరిగాక సెగ పెంచి, మాంసం సగం మాత్రమే వేశాను. ఒకేసారి మొత్తం వేస్తే నీరు వదిలి ముక్క ఉడికిపోతుంది, వేగదు. నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్క అంచులు ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 పైకి పోవాలి. తడి లేకుండా గుడ్డతో అద్దింది కూడా ఇందుకే. ముక్కలు మూకుడుకు అంటుకున్నా కదపకుండా వదిలేశాను. ఒకవైపు ఎర్రబడ్డాక వాటంతట అవే విడిచాయి. మిగతా సగం కూడా అలాగే వేపి, అన్నీ కలిపి, సాస్‌ను మూకుడులోకి వంచి, అర గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టాను. అడుగున అంటుకున్నదంతా సాస్‌లోకి కరిగింది. పాతిక నిమిషాలు సన్న సెగ మీద ఉడికాక ఒక ముక్క తీసి వేళ్లతో నొక్కితే విడిపోయింది. వంట థర్మామీటర్ కూడా పెట్టి చూశాను, 90 దాటి చూపించింది. ఆ వేడికి ఏ పురుగు తిత్తీ బతికి ఉండదు.

పోర్క్ ఉడుకుతుండగా ఇంకో పొయ్యి మీద మూడు లీటర్ల నీళ్లు తెర్లబెట్టాను. ఇటలీ పద్ధతిలో లీటరుకు 10 గ్రాముల ఉప్పు వేస్తారు, నేను సగమే వేశాను. పాస్తా ఆ ఉప్పులో కొంతే పీల్చుకుంటుంది, కానీ రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్నప్పుడు అదీ లెక్కలోదే. అందుకని సాస్‌లో ఉప్పు అసలు వేయలేదు. నీళ్లలో నూనె కూడా వేయలేదు. అంటుకోకుండా ఉంటుందని చాలామంది వేస్తారు గానీ, అది నీళ్ల మీద తేలుతుంది, వంచేటప్పుడు పాస్తాకు పూతలా పట్టి సాస్‌ను పట్టనివ్వదు. మొదటి రెండు నిమిషాలు గంటెతో బాగా కలిపితే ఏదీ అంటుకోదు. ప్యాకెట్ మీద 11 నిమిషాలు అని ఉంటే తొమ్మిదికే తీశాను. కొరికితే మధ్యలో సన్నటి తెల్లచుక్క కనిపించాలి.

చిల్లుల గిన్నెలోకి వంచే ముందు ఆ తెల్లటి నీళ్లు రెండు గ్లాసులు దాచుకున్నాను. ఈ వంటలో క్రీమ్ చేయాల్సిన పనంతా చేసింది ఆ నీళ్లే. పాస్తాలోంచి దిగిన పిండి అందులో ఉంటుంది. మూకుడులో సాస్, పాస్తా, ఒక గ్లాసు ఆ నీళ్లు కలిపి, సెగ పెంచి, రెండు నిమిషాలు ఎగరేస్తూ కలిపితే, ఆ పిండి కొవ్వునూ నీటినీ పట్టి ఉంచి సాస్‌ను మెరిసేలా చేస్తుంది. ఆరిపోతున్నట్టు అనిపిస్తే ఇంకో పావు గ్లాసు. పాస్తాను చన్నీళ్లతో మాత్రం కడగకూడదు, ఆ పిండంతా పోతుంది. చివర్లో మూడు నీళ్లలో కడిగిన పాలకూర రెండు గుప్పెళ్లు తరిగి వేసి, వేడికి వాడగానే దించేశాను. అత్తమ్మది వేరే గిన్నెలో అదే విధంగా కలిపాను.

పైన చీజ్ కావాలని పాప పట్టుబట్టింది. దానికి బదులు నువ్వులు దోరగా వేయించి, ఒక ఎల్లిపాయ రెబ్బతో దంచిన పొడి ఒక్కో ప్లేటుకు ఒక చెంచా చల్లాను. నువ్వుల కమ్మదనం చీజ్ ఇచ్చే నిండుదనానికి చాలా దగ్గరగా వస్తుంది. మన తెలంగాణ వంటింట్లో నువ్వులు లేని రోజుండదు, దీనికోసం బజారుకు పోనవసరం లేదు.

వడ్డించే విషయంలో కొంచెం కఠినంగానే ఉన్నాను. గిన్నె బల్ల మీద పెడితే రెండోసారి, మూడోసారి చెయ్యి పోతుంది, అందుకని ప్లేట్లు వంటింట్లోనే పెట్టి తెచ్చాను. ముందు కీరా, క్యారెట్, నిమ్మరసం కలిపిన ఒక పెద్ద గిన్నె అందరూ ఖాళీ చేయాలి. ఏడున్నరకు కూర్చున్నాం. మా ఆయన మొదటి రెండు ముద్దలు మాట్లాడకుండా తిని, "ముక్క మంచిగ తగులుతుంది," అన్నారు. కొవ్వు తీసేసిన సంగతి ఆయనకు తెలుసు, అయినా ఆ మాట అన్నారు. పాపకు రంగు నచ్చింది. కారం ఉంటుందని భయపడిందట, లేకపోయేసరికి ఆశ్చర్యపోయింది. అత్తమ్మ స్పూన్ పక్కన పెట్టి చేత్తోనే తిన్నారు. "సేమ్యా ఉప్మా లెక్కనే ఉంది గానీ పుల్లపుల్లగ బాగుంది బిడ్డా. నాకింత నిమ్మకాయ పిండు," అన్నారు.

అంతా అయ్యాక మా ఆయన అడగనే అడిగారు, "ఇంత పెరుగన్నం ఉందా?" అని. ఇది మన ఇళ్లన్నిటిలో ఉన్న సమస్య. పాస్తా తింటే టిఫిన్ తిన్నట్టు అనిపిస్తుంది, అన్నం మెతుకు పడకపోతే భోజనం అయినట్టు ఉండదు. పాస్తా మీద అన్నం కూడా తింటే ఇంత కష్టపడి చేసిన లెక్కంతా పోతుంది. నేను ఒక గ్లాసు పలచటి మజ్జిగ, అల్లం, కరివేపాకు వేసి ఇచ్చాను. నోటికి పెరుగు రుచి తగిలింది, అన్నం మాట మళ్లీ రాలేదు.

లెక్క కట్టి చూసుకున్నాను. పాస్తాకు 250 క్యాలరీలు, మాంసానికి 140 లోపు, కొవ్వు చెంచాకు, నూనెకు కలిపి 60 చుట్టూ, కూరగాయలు, నువ్వులు కలిపి 80 దాకా. మొత్తం ఒక ప్లేటు 500 పైచిలుకు, అందులో 30 గ్రాముల దాకా ప్రోటీన్. అదే వంట పొట్టభాగంతో, క్రీమ్‌తో చేస్తే ఒక్క కొవ్వు రూపంలోనే ఇంతకు మించి పోయేది. ఇది మందుకు బదులు అని ఎవరూ అనుకోవద్దు. మందు మందే, పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఆయన నడక నడకే. నా పని వంటింటి వరకు. డాక్టరు గారి రెండు మాటలూ, కొవ్వు తగ్గించమన్నదీ, అన్నం తగ్గించమన్నదీ, ఒకే ప్లేటులో పాటించగలిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇది చేయాలనుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు. టమాట ధర మండే రోజుల్లో టమాటలు సగానికి తగ్గించి, ఒక చిన్న కట్ట పుంటికూర వేసుకోవచ్చు. పంది మాంసానికి పుంటికూర పులుపు ఎలాగూ బాగా కుదురుతుంది. అప్పుడు నిమ్మరసం మానెయ్యాలి, క్యారెట్ ఒకటి ఎక్కువ వేయాలి. చపాటా దొరకని ఊళ్లో ఉంటే రంగున్న, కారం తక్కువున్న ఏ ఎండుమిర్చి అయినా సరే, గింజలు మాత్రం తప్పకుండా తీసేయాలి. సాస్ కొంచెం ఎక్కువే చేసుకుంటే మంచిది, కానీ పాస్తా కలపకుండా విడిగా ఉంచాలి. చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటుంది. తినేముందు పొగలు వచ్చేదాకా తెర్లించాలి. మేము మిగిలిన సాస్‌ను మరుసటి రోజు జొన్నరొట్టెలతో తిన్నాం, మా ఆయనకు పాస్తా కంటే అదే ఎక్కువ నచ్చింది.